రేడియాలజీ వృత్తి – రేపటి ఉపాధి

చదువు ముగియవచ్చిన ప్రతి విద్యార్థి మనస్సునందు మెదలు ప్రశ్న ఒక్కటే: తరువాత ఏమి? ఉపాధ్యాయ వృత్తి, బ్యాంకు పరీక్ష, పోలీసు ఉద్యోగము, కంప్యూటరు శిక్షణ అను నాలుగు మాటల చుట్టునే మన సంభాషణలు తిరుగుచుండును. ఇటీవల ఈ జాబితాలో మరియొక మాట చేరినది. అది రేడియాలజీ. మన కళాశాలలో ఇంటర్మీడియట్ బై.పి.సి. చదివిన వారిలో కొందరు వైద్యకళాశాలలకు వెళ్ళినారు. మరికొందరు ఎక్స్‌రే, స్కానింగు శిక్షణలలో చేరినారు. ఇంకను కొందరు చేరవలెనా, మానవలెనా అని ఊగిసలాడుచున్నారు.

ఈ ఊగిసలాటకు కారణము లేకపోలేదు. ఈ వృత్తిని గురించి రెండు మాటలు వినబడుచున్నవి. రెండును ఒకదానితో ఒకటి పొసగవు. నీట్ పి.జి. పరీక్షలో ముందు వరుస ర్యాంకులు పొందిన వైద్యులు మొదట కోరుకొను శాఖలలో రేడియాలజీ ఒకటి అన్నది మొదటి మాట. ఎక్స్‌రేలను, స్కానులను ఇకమీదట కంప్యూటరే చదివివేయును, ఆ వైద్యునితో పని యుండదు అన్నది రెండవ మాట. ఒకే వృత్తి ఏకకాలమున అందరికీ కావలసినదియు, ఎవరికీ అక్కరలేనిదియు ఎట్లగును?

మేము అయిదుగురము. తెలుగు మాధ్యమము వారము ముగ్గురము, ఉర్దూ మాధ్యమము వారము ఇద్దరము, అందరము బి.ఎస్సీ. చివరి సంవత్సరము విద్యార్థులము. మాకీ ప్రశ్న కేవలము కుతూహలము వలన పుట్టినది కాదు. మాలో ఒకని అక్క ఎం.బి.బి.ఎస్. ముగించి, పి.జి.లో ఏ శాఖను ఎన్నుకొనవలెనా అని ఆలోచించుచున్నది. ఆమెను మేమందరము ఆపా అనియే పిలుతుము. మరియొకని చిన్నాయన తన కుమార్తెను ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో చేర్చుటకై తనకున్న అరెకరము మెట్ట పొలమును అమ్మకమునకు పెట్టియున్నారు. ఒకరి యౌవన కాలము, మరియొకరి నేల ఈ ప్రశ్నతో ముడివడియున్నవి. అందుచేత మేము మూడు నెలలపాటు తెలిసినవారిని అడిగి, దొరికినది చదివి, రెండు ఆసుపత్రులలో కూర్చుండి చూచితిమి. గ్రహించిన సంగతులను ఈ సంచిక ద్వారా తోటి విద్యార్థుల ముందును, కళాశాల పాలకవర్గము వారి ముందును ఉంచుచున్నాము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. మనవారు "ఎక్స్‌రే డాక్టరు" అని పిలుచువారిలో రెండు తరగతులవారు కలరు. యంత్రము దగ్గర నిలిచి, రోగిని సరిగా పడుకోబెట్టి, చిత్రమును తీయువారు రేడియోగ్రాఫర్లు. వీరినే టెక్నీషియన్లు అందురు. ఆ చిత్రమును చదివి, వ్యాధి ఇదియని రిపోర్టు వ్రాసి సంతకము చేయువారు రేడియాలజిస్టులు, వీరు వైద్యులు. మొదటి వృత్తికి ఇంటర్మీడియట్ తరువాత డిప్లమా గాని, డిగ్రీ గాని చాలును. రెండవదానికి దారి మిక్కిలి పొడవైనది. ఎం.బి.బి.ఎస్.కు హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నర సంవత్సరములు. ఆపై నీట్ పి.జి.; ఆపై ఎం.డి. లేదా డి.ఎన్.బి. మూడు సంవత్సరములు. ప్రవేశ పరీక్షలకై గడుపు కాలము కూడ కలిపినచో, నేడు ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి రేడియాలజిస్టుగా కుర్చీలో కూర్చుండుటకు ఇంచుమించు పది సంవత్సరములు పట్టును. ఈ పది సంవత్సరములను పాఠకులు మనస్సునందు ఉంచుకొనవలెనని కోరుచున్నాము. నేటి గిరాకీని చూచి విత్తిన పంట పది సంవత్సరముల తరువాతి సంతలో అమ్ముడుపోవలసియున్నది.

ఈ వృత్తి వయస్సు నూట ముప్పది సంవత్సరములు. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ నగరమున విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. 1901లో భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించినది. తన ఆవిష్కరణకు ఆయన పేటెంటు తీసికొనలేదు. కావుననే అది అన్ని దేశములకు అనతికాలములో వ్యాపించినది. 1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముపై మొదటి రోగికి మెదడు స్కాను తీయబడినది. అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. కూడ ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధముననే వాడుకలోనికి వచ్చినవి. ఇందులో మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఎక్స్‌రే తీసినచో ఒకటి రెండు ఫిల్ములు వచ్చును. సి.టి. తీసినచో ఒక్క రోగికే వందలకొలది చిత్రములు వచ్చును. క్రొత్త యంత్రము వచ్చిన ప్రతిసారియు చదువవలసిన చిత్రములు పెరిగినవే గాని తరుగలేదు. చదువువారి అవసరము కూడ అట్లే పెరిగినది.

ఇక కంప్యూటరు సంగతి. 2016లో కెనడా దేశమున టొరొంటో నగరములో జరిగిన ఒక సభలో జెఫ్రీ హింటన్ అను శాస్త్రజ్ఞుడు రేడియాలజిస్టులకు శిక్షణ ఇచ్చుట ఇప్పుడే మానివేయవలెననెను. అయిదేండ్లలో, కాకున్న పదేండ్లలో కంప్యూటరు వారికంటె బాగుగా చిత్రములను చదువగలదని ఆయన అభిప్రాయము. చెప్పినవాడు సామాన్యుడు కాడు. కృత్రిమ మేధకు పునాదులు వేసినవారిలో ఒకడు. 2024లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిని జాన్ హాప్‌ఫీల్డ్‌తో కలిసి పొందినవాడు. ఆ మాట దేశదేశములకు ప్రాకినది. ఈ శాఖలో చేరదలచిన యువ వైద్యులలో కొందరు వెనుకాడిరి.

ఆయన పెట్టిన గడువులు తీరినవి. జరిగినదేమి? అమెరికాలోని మేయో క్లినిక్ అను ప్రసిద్ధ వైద్యసంస్థలో 2016 నుండి 2025 నాటికి రేడియాలజీ విభాగపు వైద్యుల సంఖ్య తగ్గలేదు సరికదా, 55 శాతము పెరిగి నాలుగు వందలు దాటినది. బ్రిటనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ 2024వ సంవత్సరమునకు జరిపిన గణన ప్రకారము ఆ దేశములో కావలసిన రేడియాలజిస్టులలో 29 శాతము కొరత కలదు. 2029 నాటికి అది 39 శాతమునకు చేరగలదని వారి అంచనా. హింటన్ మహాశయుడే 2025లో, తాను ఆనాడు మరీ విస్తృతముగా మాట్లాడితినని, కాలనిర్ణయమున పొరబడితినని ఒప్పుకొనెను. అయితే మార్పు సాగు దిశ మాత్రము తాను చెప్పినదేనని కూడ ఆయన అనెను. ఈ రెండవ మాటను మనము త్రోసిపుచ్చరాదు.

ఏలయన యంత్రము చేతకానిది కాదు. అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ 2024 చివరి నాటికి అనుమతించిన కృత్రిమ మేధ వైద్య పరికరములు వెయ్యి దాటినవి. వానిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు రేడియాలజీకి చెందినవే. స్వీడను దేశమున ఎనుబది వేలమంది స్త్రీలపై రొమ్ము కాన్సరు పరీక్ష విషయమై జరిపిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. ఆ దేశపు పద్ధతి ప్రకారము ప్రతి చిత్రమును ఇద్దరు రేడియాలజిస్టులు వేరువేరుగా చదువవలెను. కంప్యూటరు సాయము తీసికొన్నచోట వ్యాధిని గుర్తించుట ఏమాత్రము తగ్గలేదు. వైద్యులు చదువవలసిన పని మాత్రము 44 శాతము తగ్గినది.

మరి పని ఇంత తగ్గించు యంత్రము వచ్చినను కొరత ఎందుకు తీరలేదు? మేము ఆసుపత్రిలో కూర్చుండి చూచినప్పుడు దీనికి సమాధానము కొంత దొరికినది. చిత్రమును చూచుట రేడియాలజిస్టు పనిలో ఒక భాగము మాత్రమే. రోగికి ఏ పరీక్ష కావలెను, రంగుమందు ఇవ్వవచ్చునా, మూత్రపిండములు దానిని భరింపగలవా అని నిర్ణయింపవలెను. గత సంవత్సరపు స్కానుతో పోల్చవలెను. శస్త్రవైద్యుడు ఫోనులో అడిగిన సందేహమునకు బదులు చెప్పవలెను. కాలేయములో చీము చేరినచో స్కాను సాయముతో సూదిని గ్రుచ్చి చీమును తీయవలెను. చివరకు, రిపోర్టు క్రింద సంతకము చేసి, తప్పు జరిగినచో న్యాయస్థానమునకు సమాధానము చెప్పవలెను. కంప్యూటరు ఊపిరితిత్తిలో మచ్చను చూపగలదు. ఆ మచ్చకు పూచీ పడదు. అంతేకాదు. చదువుట సులువైనకొలది వైద్యులు మరిన్ని స్కానులు వ్రాయుచున్నారు. నూతికి మోటరు బిగించినచో నీళ్ళు తోడు శ్రమ తగ్గును గాని, నీళ్ళ వాడకము తగ్గదుగదా!

ఇంతవరకు చెప్పినది పరదేశముల సంగతి. మన దేశపు సంగతి వేరు. మన దేశములో రేడియాలజిస్టులు సుమారు ఇరువది వేలమంది ఉందురని సాధారణముగా చెప్పబడుచున్న అంచనా. జనాభా నూట నలుబది కోట్లు అనుకొన్నచో డెబ్బది వేలమందికి ఒక్కరు. ఆ ఒక్కరు కూడ అందరికీ సమానముగా అందుబాటులో లేరు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో ఒకే వీధిలో నాలుగు స్కానింగు కేంద్రములు కనబడును. మండల కేంద్రములో ఎక్స్‌రే యంత్రము ఉండును, ఫిల్ము వచ్చును, చదువువారు ఉండరు.

మేము చూచిన రెండు ఆసుపత్రులలో ఒకటి ఇట్టిదే. దాని పేరు వ్రాయుట మా ఉద్దేశము కాదు. అట్టివి అనేకము కలవు. అచ్చట రేడియాలజిస్టు వారమునకు రెండు దినములు మాత్రమే వచ్చును. ఆ రెండు దినములును గర్భిణుల స్కానులకే చాలవు. మిగిలిన ఎక్స్‌రేలను డ్యూటీలో ఉన్న వైద్యుడు తన ఓపిక కొలది కిటికీ వెలుగునకు ఎత్తి చూచి మందు వ్రాయును. మా వీధిలో బీడీలు చుట్టి జీవించు ఒక తల్లి అచ్చటనే రొమ్ము ఎక్స్‌రే తీయించుకొన్నది. దగ్గు తగ్గలేదు. ఫిల్ము ఆమె ఇంట దూలమునకు దోపియుండగా మూడు వారములు గడచినవి. చివరకు జిల్లా ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష జరిపి క్షయ అని తేల్చినారు. ఆ ఇంట నలుగురు పిల్లలు కలరు. ఫిల్ము తీసిననాడే అందులో వ్యాధి కనబడుచుండెనని పిమ్మట చూచిన వైద్యులు చెప్పినారు.

ఇట్టి చోట్ల కంప్యూటరు ఎంతటి ఉపకారియో చెప్పనక్కరలేదు. పదునైదు సంవత్సరములు దాటినవారి ఎక్స్‌రేలలో క్షయ జాడను గుర్తించుటకు, మనిషి చదువుటకు బదులుగా కంప్యూటరును వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసినది. మన దేశములో 2024 డిసెంబరు 7న ప్రారంభమైన నూరు దినముల క్షయ నిర్మూలన కార్యక్రమములో చేతితో మోసుకొని పోదగిన ఎక్స్‌రే యంత్రములను గ్రామములకు తీసికొనిపోయినారు. అయితే ఒక భేదమును మరువరాదు. స్వీడనులో కంప్యూటరు వచ్చి కూర్చున్నది రెండవ వైద్యుని కుర్చీలో. మొదటి వైద్యుడు అచ్చటనే ఉన్నాడు. మన మండలములో అది కూర్చుండునది మొదటి వైద్యుని కుర్చీలోనే. దాని ప్రక్కన ఎవరును లేరు. యంత్రము క్షయను చూపినచో మంచిదే. కాని అదే ఫిల్ములో కాన్సరు ఉన్నచో, పగిలిన ప్రక్కటెముక ఉన్నచో చూచునదెవరు? యంత్రమున్నదను నెపముతో వైద్యుని నియామకము వాయిదా పడినచో బీదవానికి ఒరిగినదేమి? రేడియాలజిస్టుల ఉద్యోగములను యంత్రము హరించునా అను ప్రశ్న కంటె ఈ ప్రశ్న పెద్దదని మాకు తోచినది.

ఉపాధి దృష్టితో చూచినచో, నగరములలో క్రొత్తగా పట్టా పొందిన రేడియాలజిస్టు స్థితి మునుపటివలె లేదు. పూర్వము అల్ట్రాసౌండు యంత్రము కొనుక్కొని సొంత కేంద్రము తెరచుట వాడుక. నేడు సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రముల ధర కోట్ల రూపాయలలో ఉన్నది. కావున యువ వైద్యులలో అనేకులు పెద్ద సంస్థలలో జీతమునకు గాని, రిపోర్టునకు ఇంత అను లెక్కకు గాని పనిచేయుచున్నారు. రిపోర్టుల లెక్కన కూలి కట్టినచోట తొందర పెరుగును; తొందరలో కన్ను జారును. రోగిని పంపిన వైద్యునికి వాటా ముట్టజెప్పు దురాచారము కూడ ఈ రంగమును పట్టి పీడించుచున్నది. 2002 నాటి వైద్యవృత్తి నీతి నియమావళి దానిని నిషేధించినది. అయినను ఈ వృత్తిలోనికి వచ్చు యువకుడు మొదటి సంవత్సరమే ఆ ప్రలోభమును ఎదుర్కొనవలసి వచ్చునని పెద్దలు మాతో చెప్పినారు.

మరియొక నిబంధన 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిరోధక చట్టము. ప్రతి స్కానింగు యంత్రమును నమోదు చేయవలెను. స్కాను తీయించుకొను ప్రతి గర్భిణి వివరములతో ఫారం ఎఫ్ నింపవలెను. శిశువు ఆడయో మగయో చెప్పినచో జైలుశిక్ష. కాగితపు పని భారమని కొందరు రేడియాలజిస్టులు విసుగుకొందురు. కాని 1961 జనాభా లెక్కలలో ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 976 మంది ఉండగా, 2011 నాటికి ఆ సంఖ్య 920 కంటె తక్కువకు దిగినది. పుట్టనీయకుండ చేసిన ఆ బాలికలను తలచుకొన్నచో ఆ ఫారము బరువు బరువు కాదు.

దూరమునుండి చదువు పద్ధతి ఈ రంగమున వచ్చిన మరియొక మార్పు. దీనిని టెలిరేడియాలజీ అందురు. బెంగుళూరులో 2002లో స్థాపింపబడిన టెలిరేడియాలజీ సొల్యూషన్స్ ఇందులో మార్గదర్శి. అమెరికాలో అర్ధరాత్రి అయినప్పుడు మనకు పగలు. అచ్చటి అత్యవసర విభాగములో తీసిన స్కానును ఇచ్చటి వైద్యుడు మేలుకొని చదువును. అయితే ఆ దేశములో వృద్ధులకు ప్రభుత్వము నడుపు మెడికేర్ పథకము దేశము వెలుపల చేసిన పనికి చెల్లింపు చేయదు. అందుచేత అట్టి రోగుల తుది రిపోర్టును ఆ దేశములోనే వ్రాయవలెను. పరదేశపు పని వచ్చునని మురియువారు ఈ గడపను కూడ చూడవలెను. మాకు కనబడిన గొప్ప ఉపయోగము వేరు. హైదరాబాదులోనో, కర్నూలులోనో కూర్చున్న వైద్యుడు అదేదినమున ఆదిలాబాదు ఏజెన్సీ ఫిల్మును, ఆలూరు ఫిల్మును చదువగలడు. పైన చెప్పిన తల్లికి కావలసినది అదియే. అయితే అల్ట్రాసౌండును తంతి మీద పంపి తీయుట సులభము కాదు. సూదితో చేయు చికిత్సలు అసలే కావు. వానికి మనిషి చేయి అక్కడ ఉండవలెను. చేతిపని నేర్చిన రేడియాలజిస్టునకు యంత్రమువలన భయము తక్కువ అని ఒక అనుభవశాలి మాతో అనినారు.

గిరాకీని గురించి ఒక హెచ్చరిక కూడ చేయవలెను. ఈ వృత్తి సంత ఎల్లప్పుడు ఒక తీరున ఉండదు. అమెరికాలో 2012 మొదలు 2015 వరకు రేడియాలజిస్టులకు ఉద్యోగములు దొరుకుట కష్టమై, శిక్షణ స్థానములు కొన్ని భర్తీ కాకుండ మిగిలినవి. పది సంవత్సరములు తిరుగకముందే అదే దేశము వారికొరకు వెదకుచున్నది. ఆనాటి భయమును చూచి మానుకొన్నవారు ఈనాటి అవకాశమును పోగొట్టుకొన్నారు. ఈనాటి వెలుగును మాత్రమే చూచి చేరినవారికి పది సంవత్సరముల తరువాత ఏమగునో ఎవరును వ్రాసి ఇయ్యజాలరు.

ఇక మనలో ఎక్కువమందికి సంబంధించిన టెక్నీషియన్ వృత్తికి వత్తుము. ఒక రేడియాలజిస్టు వంద మైళ్ళ దూరమునుండి చదువవచ్చును గాని, చిత్రము తీయువాడు రోగి ప్రక్కనే ఉండవలెను. యంత్రములు పెరిగిన ప్రతిచోట టెక్నీషియన్ కావలెను. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమీషను చట్టము ఈ వృత్తిని గుర్తించి, దాని విద్యకు, నమోదుకు ఒక క్రమమును ఏర్పరచినది. కాబట్టి డబ్బు కట్టుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న "ఫీజు ఎంత?" కాదు, "ఈ సంస్థకు పారామెడికల్ బోర్డు గాని, విశ్వవిద్యాలయము గాని అనుమతి ఇచ్చినదా?" అన్నది. రెండవ ప్రశ్న, "శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని దినములు?" అన్నది. మా చిన్నాయన మొదట వెళ్ళిన సంస్థలో ఈ రెంటికిని స్పష్టమైన సమాధానము రాలేదు. యంత్రము బొమ్మ గోడమీద ఉన్నది, యంత్రము లేదు. ఆయన అమ్మకమును ఆపి తిరిగివచ్చినారు.

ఆడపిల్లలకు ఎక్స్‌రే గది ప్రమాదకరమని మన ఇండ్లలో ఒక భయము కలదు. కిరణములను తేలికగా తీసికొనరాదు, నిజమే. అందుకే మన దేశములో అణుశక్తి నియంత్రణ మండలి నియమములు ఉన్నవి. పనివారు ధరించు బ్యాడ్జి వారికి తగిలిన కిరణముల మోతాదును లెక్కించును. అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క సంవత్సరములోను 30 మిల్లీసీవర్టులు మించరాదు. గర్భవతియైన ఉద్యోగినికి హద్దు ఇంకను కఠినము. అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. పరీక్షలలో ఎక్స్ కిరణములే లేవు. నియమము పాటించుచోట భయపడనక్కరలేదు. బ్యాడ్జి ఇవ్వని చోట చేరనక్కరలేదు.

నిజమునకు ఆడపిల్లల అవసరమే ఈ రంగమున ఎక్కువ. రొమ్ము కాన్సరు పరీక్షకు వచ్చి, గదిలో పురుషుడే ఉన్నాడని తెలిసి, బురఖా సర్దుకొని వెనుదిరిగిన ఒక పెద్దమ్మను మేము కన్నులార చూచితిమి. పల్లెనుండి వచ్చిన మరియొక ఆమె కొంగు బిగించి పట్టుకొని అరగంటసేపు బల్లమీదనే కూర్చున్నది. ఆ గదిలో ఒక్క అమ్మాయి ఉన్నచో వారిద్దరికిని పరీక్ష జరిగియుండెడిది. వారికి వ్యాధి ఉన్నదో లేదో నేటికిని ఎవరికీ తెలియదు.

భాష సంగతి కూడ చెప్పవలెను. సి.టి. యంత్రము ఊపిరి బిగబట్టుమని ఆంగ్లములో ఆజ్ఞాపించును. రోగికి అర్థము కాదు, ఊపిరి వదలును, చిత్రము చెదరును. మేము చూచినచోట టెక్నీషియన్ యువకుడు అద్దము వెనుకనుండి ఒకరికి "ఊపిరి పీల్చి బిగబట్టండమ్మా" అనియు, తరువాతివారికి "దమ్ రోకియే, అమ్మీజాన్" అనియు చెప్పుచుండెను. చిత్రములు అద్దమువలె వచ్చినవి. రెండు భాషలు వచ్చుట మన కళాశాలలో ఎవరును గొప్పగా ఎంచరు. అది మనకు గాలివలె అలవాటైనది. ఆ గదిలో అదియొక అర్హత.

గల్ఫు దేశములకు పోదలచినవారికి ఒక మాట. అచ్చట టెక్నీషియన్లకు అవకాశములు కలవు. కాని ఆయా దేశపు అర్హత పరీక్ష ఉత్తీర్ణులు కావలెను. సర్టిఫికెట్లను అవి ఇచ్చిన సంస్థ ద్వారా నిర్ధారించుకొందురు. పని అనుభవము అడుగుదురు. గుర్తింపు లేని సంస్థ కాగితము విమానాశ్రయము వరకు కూడ పనికిరాదు. భౌతికశాస్త్రము చదువువారికి వేరొక దారి ఉన్నది. ఎం.ఎస్సీ. ఫిజిక్సు తరువాత ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రము రేడియలాజికల్ ఫిజిక్సులో ఒక సంవత్సరపు డిప్లమా నడుపుచున్నది. అది చదివినవారు కాన్సరు ఆసుపత్రులలో కిరణ చికిత్స మోతాదులను లెక్కించు వైద్య భౌతికశాస్త్రజ్ఞులు కాగలరు. మా అయిదుగురిలో ఇద్దరము ఈ దారిని పరిశీలించుచున్నాము.

ఈ విషయములన్నియు మేము ఆపాకు చెప్పితిమి. ఆమె ఓపికతో విని, "ఉద్యోగము ఉంటుందా అని మీరు అడుగుతున్నారు. ఉంటుంది. ఎక్కడ కూర్చుని చేయాలన్నదే నా ప్రశ్న" అన్నది. ఆమె రేడియాలజీనే కోరుకొనదలచినది. పట్టా పొందిన తరువాత జిల్లాలోనే ఉండునా, నగరమునకు పోవునా అన్నది ఆమె ఇంకను నిశ్చయించుకొనలేదు. మేమును ఒత్తిడి చేయలేదు. జిల్లాలో ఉండవలెనన్నచో జీతము, యంత్రము, సెలవు ఇచ్చు రెండవ వైద్యుడు ఉండవలెను. అవి లేనిచోట త్యాగము చేయుమని చెప్పుటకు మాకు అధికారము లేదు. చిన్నాయన కుమార్తె మాత్రము అనుమతిగల సంస్థ కొరకు ఈ సంవత్సరము ఆగినది. పొలము ఇంకను వారి పేరనే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! యంత్రము వచ్చినదని వృత్తిని వదలవద్దు. జీతము వినబడినదని వృత్తిలో దూకవద్దు. కంటితో చదువు పనిలో కొంత భాగము యంత్రమునకు పోవుట తథ్యము. రోగిని తాకు పని, రోగితో మాట్లాడు పని, పూచీ పడు పని మిగులును. ఆ పనులకు సిద్ధమైనవారు నిశ్చింతగా ముందుకు సాగవచ్చును.

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపములు మూడు. ప్రభుత్వ అనుమతిగల పారామెడికల్ కోర్సుల జాబితాను ప్రతి సంవత్సరము ప్రవేశముల కాలమునకు ముందే తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోను నోటీసు బోర్డుపై ఉంచవలెను. సంవత్సరమునకు ఒక్కసారి ఒక రేడియోగ్రాఫరును, ఒక రేడియాలజిస్టును పిలిపించి విద్యార్థులతో మాట్లాడించవలెను. అందు ఒకరైనను మహిళ అయియుండవలెను. ఈ శిక్షణలో చేరదలచిన బీద విద్యార్థినులకు ఫీజు మొత్తమును వడ్డీ లేని అప్పుగా ఇచ్చుటకు ఒక చిన్న నిధిని ఏర్పరచవలెను. ఉద్యోగము వచ్చిన తరువాత వారు తిరిగి చెల్లింతురు. ఆ నిధికి మొదటి చందాగా మా అయిదుగురము మా విద్యార్థి వేతనములనుండి చెరి అయిదు వందల రూపాయలు ప్రిన్సిపాలుగారి కార్యాలయమున జమ చేసి రశీదు తీసికొనియున్నాము.